పిచ్చుకలదిన్నెలో సున్నా

పిచ్చుకలదిన్నెలో జీవం లేదని ప్రభుత్వం ప్రకటించిన రోజున హంపమ్మ తన హోటల్లో రెండో వాయి బోండాలు వేస్తూ ఉంది. ఆ వార్త పేపర్లో చూసి చదివి వినిపించింది ఆమె మొగుడు వన్నూరప్ప.

"ఏమ్మే, మన ఊర్లో ప్రాణముండేది ఏదీ ల్యాదంట" అన్నాడు.

"లేకుంటే లేకపాయె. ఓట్ల కాలానికి మళ్లా పుడతాం లే" అని హంపమ్మ జల్లిగరిటెతో బోండాలు తిప్పింది. ఆమె ధ్యాసంతా బళ్ళారిలో ఉన్న కూతురు నాగవేణి మీద ఉంది. నాగవేణికి ఏడో నెల నడుస్తోంది. తొలి కాన్పు. పుట్టింటికి పిలుచుకొచ్చి పురుడు పోస్తానని హంపమ్మ వియ్యంకులకు మాటిచ్చింది. పాత చీరలు ఉతికి, ఎండబెట్టి, పొత్తిగుడ్డలు కూడా చించి పెట్టుకుంది.

ప్రభుత్వం ఊరికే అలా ప్రకటించలేదండీ. పక్క రాష్ట్రానికి ఉండి మనకు లేకపోవడమేమిటన్న పట్టుదలతో ఆ మధ్య భూమీతర జీవాన్వేషణ మండలి అని ఒకటి పెట్టారు. భూమి మీద తప్ప మరెక్కడైనా ప్రాణి ఉందా అని వెతకడం దాని పని. అందుకోసం జీవమాపకం అనే యంత్రాన్ని విదేశాల నుంచి తెప్పించారు. దాన్ని ఏ గ్రహం వైపు తిప్పితే ఆ గ్రహంలో ఎంత ప్రాణముందో ముల్లు చూపిస్తుంది. అయితే కూరగాయల కాటాకైనా సరే, ముందు సున్నా అంటే ఏమిటో చెప్పాలి కదా. ఖాళీ కాటా మీద మీట నొక్కితే అది సున్నా అనుకుంటుంది. అలాగే దీనికీ బొత్తిగా ప్రాణమన్నదే లేని చోటు ఒకటి కావలసి వచ్చింది.

మండలి వారు ఉపగ్రహ చిత్రాలు ముందేసుకుని వెతికితే పిచ్చుకలదిన్నె దొరికింది. ఎర్ర మట్టి, నల్ల గుండ్లు, ఎక్కడా ఈగ కదలడం లేదు. ఆ బొమ్మ మే నెల మిట్టమధ్యాహ్నం తీసింది. ఆ వేళకు మా సీమలో మనుషులు ఇళ్లలోనూ, మేకలు కొట్టాల్లోనూ, కోళ్లు గంపల కిందా ఉంటాయి. ఊరి పేరులోనే పిచ్చుకలున్నాయి కదా అని ఒక సభ్యుడు నసిగితే, పేర్లను సాక్ష్యంగా స్వీకరించరాదని తీర్మానించారు. పోనీ ఒకసారి వెళ్లి చూసి వద్దామా అంటే, నిర్జీవ ప్రాంతాలకు ప్రయాణ భత్యం లేదట. అందువల్ల చూడకుండానే ప్రకటించారు.

సున్నా పెట్టే రోజు రానే వచ్చింది. ఊరికి ఎదురుగా ఉన్న దిబ్బ మీద షామియానా వేశారు. యంత్రాన్ని మూడు కాళ్ల మీద నిలబెట్టి ఊరి వైపు తిప్పారు. పెద్ద మిషను వచ్చిందంటే మా వాళ్లు ఇళ్లలో ఉంటారా? ముసలీ ముతకా, చంకలో పిల్లలు, వెంట కుక్కలు, మేకలు, అందరూ వచ్చి యంత్రానికి ఎదురుగా తాడు అవతల నిలబడ్డారు. ప్లాస్టిక్ బిందెలు అమ్ముకోవడానికి కదిరి నుంచి వచ్చిన మస్తాన్‌వలి కూడా బండి ఆపి మధ్యలో దూరాడు. హంపమ్మ మండలి వాళ్లకు బోండాలు, టీ ఇచ్చి వచ్చి మొదటి వరసలో నిలబడింది.

మండలి అధ్యక్షులు డాక్టర్ శశిభూషణరావుగారు లేచి నిలబడ్డారు. యంత్రం ముల్లు కుడివైపు చివరికంటా పోయి వణుకుతూ ఉంది. ఆయన కింద పనిచేసే త్రినాథ్ అనే కుర్ర అధికారి, గోదావరి వైపు వాడు, మెల్లిగా చెవిలో చెప్పాడు.

"సార్, ఎదురుగా ఊరంతా నిలబడి ఉందండీ."

"ఇక్కడ జనమున్నట్టు మనకు అధికారికంగా సమాచారముందా?"

"లేదండీ. కానీ ఇందాక వాళ్లిచ్చిన బోండాలు తిన్నాం కదండీ."

"బోండాలు అనధికారికం" అని చెప్పి అధ్యక్షులు మీట నొక్కారు. కుడివైపు వణుకుతున్న ముల్లు సున్నాకు వచ్చి బుద్ధిగా నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నామో తెలియకపోయినా మా ఊరివాళ్లే గట్టిగా కొట్టారు.

ఇంకేముంది, యంత్రాన్ని ఆకాశం మీదికి తిప్పారు. చంద్రుడి దగ్గర ముల్లు సున్నా దాటి ఎడమకు పోయింది. అంగారకుడి దగ్గరా అంతే. ఏమీ లేనిదాని కంటే తక్కువ ప్రాణం ఎలా ఉంటుందో మండలికి అంతుపట్టలేదు. సరిచూద్దామని యంత్రాన్ని సచివాలయానికి పట్టుకుపోయి, మంత్రిగారి గదిలో పెట్టారు. అక్కడా ముల్లు ఎడమకే పోయింది.

"అంటే ఏమిటయ్యా? నేను చచ్చిపోయానా?" అని మంత్రిగారు గుండె పట్టుకున్నారు.

"లేదు సార్, చచ్చిపోతే సున్నా వచ్చేది" అన్నారు శశిభూషణరావుగారు. "తమరు ఇంకా ఆ స్థాయికి రాలేదు."

మంత్రిగారికి కోపమొచ్చింది. మండలి వెంటనే సమావేశమైంది. యంత్రం తప్పు కాజాలదు, దాన్ని కొన్నది మండలి. మండలి తప్పు కాజాలదు, దాన్ని నియమించింది ప్రభుత్వం. కాబట్టి సున్నాదే తప్పు. సున్నా పెట్టిన తర్వాత ఆ గ్రామంలో ఏదో పెరిగో తరిగో శూన్యం చెదిరి ఉంటుందని తేల్చారు. సున్నా పెట్టిన క్షణంలో అక్కడ ఎంత ఉందో, ఇకమీదట ఎల్లప్పుడూ అంతే ఉండాలని ఉత్తర్వులిచ్చారు. త్రినాథ్‌ను శూన్య పరిరక్షణాధికారిగా వేసి పంపారు.

త్రినాథ్ వచ్చి ఊరి చుట్టూ సున్నంతో గీత గీయించాడు. గీత బయట, హంపమ్మ హోటలుకు ఎదురుగా డేరా వేసుకున్నాడు. తర్వాత ఊళ్లోవాళ్లను పోగేసి, ఉత్తర్వు చదివాడు.

"సున్నా పెట్టినప్పుడు లోపల ఉన్నవారెవరూ బయటికి పోరాదు. బయట ఉన్నవారెవరూ లోపలికి రారాదు. మండలి అనుమతి లేకుండా ఎవరూ జన్మించరాదు, తనువు చాలించరాదు."

"మరి నా సంగతి ఏంది సారూ?" అని గట్టిగా అరిచాడు మస్తాన్‌వలి. "నేను ఈ ఊరోన్ని కాదు. బిందెలు అమ్ముకుందామని వచ్చినా."

"మీట నొక్కినప్పుడు నువ్వు ముందు నిలబడ్డావు కదయ్యా. సున్నాలో కలిసిపోయావు. నేనేం చేయను?"

పాపం, వాడు ఆ రోజు నుంచి బిందెల బండి మీదే కాపురం పెట్టాడు. ఉన్న ఊరంతా ఇంటికొక బిందె కొనేసింది, ఇక కొనేవాళ్లు లేరు. రోజూ పెళ్లాం ఫోను చేసి యాడుండావు అంటుంది. సున్నాలో ఉండాను అంటాడు. "ఎవుర్తి అది? పేరు చెప్పు" అని ఆమె ఏడుపు అందుకునేది.

అనంతపురం పనికి పోయి ఉన్నవాళ్లు తమ ఇళ్లను గీత బయట నుంచి చూసుకుని, పెళ్లాం బిడ్డలతో గీత మీద కూర్చుని అన్నం తిని పోయేవాళ్లు. కోడి పిల్లలు చేస్తే త్రినాథ్ వాటిని బుట్టలో వేసుకుని గీత దాటించేవాడు. అవన్నీ వాడి డేరాలో చేరి, నిర్జీవ క్షేత్రం బయట కూర్చున్నవాడి నెత్తి మీద కూడా తిరిగేవి. అన్నిటికంటే విచిత్రం ముసలి ఈరన్నది. మా ఊరికి ఎన్నడూ డాక్టరు వచ్చిన పాపాన పోలేదు. మంచాన పడ్డ ఈరన్న పోతే శూన్యం చెదిరిపోతుందని, రోజూ పొద్దున్నే ఒక డాక్టరమ్మను జీపులో పంపేవారు. ఈరన్న మంచాన్ని గీత దాకా ఈడ్చుకొస్తే ఆమె అవతల నిలబడి నాడి చూసేది. ఈరన్న లేచి తిరిగాడు.

"ఈ సున్నా ఏదో పోయినేడే పెట్టింటే నా పెండ్లాము గూడా బతికిండును గదప్పా" అని కళ్లు తుడుచుకున్నాడు. ఆ మాటకు త్రినాథ్ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

హంపమ్మ కడుపు మంట మాత్రం వేరు. నాగవేణికి తొమ్మిదో నెల వచ్చేసింది. పుట్టింటికి ఎప్పుడు పిలుచుకుపోతావని కూతురు ఫోనులో ఏడుస్తోంది. హంపమ్మ బోండాల పళ్లెం పట్టుకుని గీత దగ్గరికి పోయింది.

"త్రినాథప్పా, నువ్వు నా బిడ్డ లాంటోనివి. నీకూ అమ్మ ఉంటాది కదా. నా కూతురు తొలి కాన్పు పరాయింట్లో జరిగితే నేను బతికి ఏం లాభం? ఒక్క మనిషి కదా, రానీ సామీ."

"ఒక్కరా, ఇద్దరా అని అడుగుతారండీ పైవాళ్లు" అన్నాడు త్రినాథ్ నీళ్లు నములుతూ. అయినా మండలికి రాశాడు.

నిజంగానే అడిగారు. కడుపులో ఉన్న బిడ్డ లెక్కలోకి వస్తుందా రాదా అని మండలి రెండు సమావేశాలు పెట్టింది. ఒకాయన వస్తుందన్నాడు, ఇంకొకాయన రాదన్నాడు. జీవాన్ని వెతికే మండలికి జీవం ఎప్పుడు మొదలవుతుందో తెలియదంటే బాగుండదని కాఫీలు తాగి, చివరికి జవాబు పంపారు. "గర్భస్థ శిశువు ఇంకనూ ఆగమించలేదు కనుక ఒక్కరిగా పరిగణించి, ఒకరికి ఒకరు చొప్పున మార్పిడికి అనుమతించడమైనది. ప్రసవము మాత్రము గీతకు వెలుపల జరుగవలెను."

మొదటి సగం వినగానే మస్తాన్‌వలి బండి, బిందెలు అన్నీ అక్కడే వదిలేసి గీత దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నాగవేణి ఆటో దిగి కుడికాలు లోపల పెట్టడం, వాడు కదిరి రోడ్డున పరుగు తీయడం ఒకేసారి జరిగాయి. హంపమ్మ కూతుర్ని కావలించుకుని ఏడ్చింది. రెండో సగం సంగతి అప్పుడు చూద్దాంలే అనుకుంది.

ఆ అప్పుడు ఎప్పుడొచ్చిందీ అంటే, సరిగ్గా శశిభూషణరావుగారు తనిఖీకి వచ్చిన రోజున. సాయంత్రం మంత్రిగారు స్వయంగా సున్నాను చూడడానికి వస్తున్నారు. యంత్రాన్ని మళ్లీ దిబ్బ మీదికి ఎక్కించి ఊరి వైపు తిప్పారు. ముల్లు సున్నా మీద బుద్ధిగా ఉంది. అధ్యక్షులు చేతులు రుద్దుకుంటూ ఉండగా గీతను ఆనుకునే ఉన్న హంపమ్మ ఇంట్లో నుంచి నాగవేణి కేక వినిపించింది.

"ఏమిటది?" అన్నారాయన.

"నొప్పులండీ" అన్నాడు త్రినాథ్.

"అనుమతి పత్రం రెండో భాగం అమలు చేయండి. వెలుపలికి తీసుకురండి."

హంపమ్మ గుమ్మం దగ్గరికి వచ్చి నడుముకు కొంగు బిగించింది. "బయటికా? ఆ ఎండలో, ఆ గుండ్ల మీద, నా బిడ్డనా? ఎట్ల తీసకపోతావో సూస్తా, రా."

ఈరన్నను చూడడానికి వచ్చిన డాక్టరమ్మ అప్పటికే గీత దగ్గర ఉంది. లోపలి కేకలు విని, "ఇప్పుడు కదిలిస్తే ప్రమాదం సార్, నేను వెళ్లాలి" అని కాలెత్తింది.

"ఒకరు రావాలంటే ఒకరు పోవాలి మేడమ్" అన్నాడు త్రినాథ్ దాదాపు ఏడుస్తూ.

హంపమ్మ పక్కకు తిరిగి చూసింది. పక్కన వన్నూరప్ప ఉన్నాడు. "ఏమయ్యా, నువ్వు ఈడుండి ఏం సేసేది ఉంది?" అని రెండు చేతులతో ఒక్క తోపు తోసింది. వన్నూరప్ప గీత అవతల పడ్డాడు, డాక్టరమ్మ ఇవతలికి వచ్చింది. ముల్లు కదల్లేదు.

వన్నూరప్ప గీత అవతల మోకాళ్ల మీద కూర్చుని దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచాడు. లోపల నాగవేణి అరుపులు, హంపమ్మ ధైర్యం చెప్పడం, ఆ తర్వాత ఒక నిమిషం ఏమీ లేదు. అప్పుడు సన్నగా ఒక ఏడుపు.

యంత్రం ముల్లు టక్కున కుడివైపు ఒక గడి జరిగింది.

శశిభూషణరావుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. సున్నా పెట్టిన తర్వాత ముల్లు దానికి కుడివైపు రావడం అదే మొదటిసారి.

"జీవం!" అన్నారు. "త్రినాథ్, జీవం దొరికిందయ్యా! మంత్రిగారికి ఫోన్ చెయ్యి. గాజుపెట్టె దింపించు."

మండలి ఏర్పడిన నాడే, ఎప్పటికైనా గ్రహాంతర జీవి దొరక్కపోతుందా అని చేయించి పెట్టిన గాజుపెట్టె అది. గాలి గొట్టాలు, తాళం, పైన ప్రభుత్వ ముద్ర. ఇద్దరు మనుషులు దాన్ని వ్యాను నుంచి దించుతుంటే అధ్యక్షులు మాత్రం ఆగలేకపోయారు. దిబ్బ దిగి, గీత దాటి, పంచె కట్టుకున్న పెళ్లిపెద్దలా గబగబా హంపమ్మ ఇంటికి పోయారు.

"అమ్మా, ఆ జీవిని మండలికి స్వాధీనం చేయండి. ఈ రాత్రికే రాజధానికి తరలించాలి."

హంపమ్మ చంకలో బిడ్డను పొదివి పట్టుకుని ఉంది. ఆడపిల్ల. "ఏ జీవి? ఇది నా మనవరాలు."

"వినండి. ఈ గ్రామంలో జీవం లేదని ప్రభుత్వం ధ్రువపరిచింది. అలాంటి చోట జీవం కనిపించిందంటే, అది ఇక్కడిది కాదు. బయటి నుంచి వచ్చినది."

"బయట్నించి కాదు సారూ, లోపల్నించే వచ్చింది. కావాలంటే డాక్టరమ్మను అడుగు."

"మీ ఆవేదన నమోదు చేసుకుంటాం. శాస్త్రం కోసం త్యాగం తప్పదు. పరీక్షలు పూర్తయిన పిమ్మట నిబంధనల మేరకు..."

"ఎప్పటికయితాయి పరీక్షలు?"

అధ్యక్షులు ఆలోచించారు. "మొదటి జీవి కదమ్మా. పూర్తి కావు."

గాజుపెట్టె మోస్తున్నవాళ్లు దిబ్బ దిగుతున్నారు. లోపల మంచం మీద నాగవేణి, "అమ్మా, బిడ్డ ఏదమ్మా" అంటోంది. పొడుగ్గా ఉన్న ఈ సారు చేతులు చాపి నిలబడి ఉన్నాడు. హంపమ్మ ఆయన భుజం మీదుగా దిబ్బ వైపు చూసింది. యంత్రం పక్కన త్రినాథ్ ఒక్కడే ఉన్నాడు. వాడి ముఖం తెల్లబోయి ఉంది.

"త్రినాథప్పా!" అని ఊరంతా వినపడేటట్టు అరిచింది. "ఆ పొద్దు మీ సారు ఒత్తిన మీట యాడుండాదప్పా?"

త్రినాథ్‌కు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది. వాడి చెయ్యి మీట మీదికి పోయింది.

"ఆగప్పా, ఆగు!" అని హంపమ్మ మళ్లీ అరిచింది. "మా ఆయప్ప బయటుండాడు! డాక్టరమ్మా, నీ పుణ్యముంటాది, నువ్వు దాటు తల్లీ. ఏమయ్యా, నువ్వు ఇట్ల రా!"

డాక్టరమ్మ తల్లినీ బిడ్డనూ ఒకసారి చూసి, ఇద్దరూ బాగున్నారని చెప్పి, చెప్పులు చేత్తో పట్టుకుని గీత దాటింది. వన్నూరప్ప లోపలికి దూకాడు. ఈ హడావుడి ఏమిటో శశిభూషణరావుగారు తెలుసుకునే లోపల త్రినాథ్ కళ్లు మూసుకుని మీట నొక్కేశాడు.

ముల్లు సున్నాకు వచ్చి నిలబడింది.

"త్రినాథ్! ముల్లు ఎంత?" అన్నారు అధ్యక్షులు అనుమానంగా.

"సున్నా సార్."

"ఇప్పుడే ఒకటి ఉందిగా?"

"పోయిందండీ. ఇప్పుడు జీవమేమీ లేదు."

బిడ్డ హంపమ్మ చంకలో కెవ్వున ఏడుస్తోంది. ఊళ్లో కుక్కలన్నీ దానికి వంత పాడుతున్నాయి.

"మరి ఈ ఏడుపు?"

"అనధికారికం సార్" అన్నాడు త్రినాథ్.

శశిభూషణరావుగారు ఏదో అనబోయి, ఆ మాట ఎక్కడ విన్నదీ గుర్తొచ్చి నోరు మూసుకున్నారు. పెట్టె మోసేవాళ్లు జీవం లేని చోట తమకేం పని అని వెనక్కి మళ్లారు. ఆయన కూడా తువ్వాలుతో ముఖం తుడుచుకుని, మంత్రిగారికి ఏం చెప్పాలా అనుకుంటూ గీత వైపు నడిచారు. గీత అవతల, దిబ్బ దిగి వచ్చిన త్రినాథ్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్లు నేల చూస్తున్నాయి.

"సార్, తమరు రాకూడదండీ."

"ఏమిటీ?"

"మీట నొక్కినప్పుడు తమరు లోపల ఉన్నారండీ."

సాయంత్రం మంత్రిగారు వచ్చి గీత బయట నిలబడి సున్నాను చూశారు. జీవం ఒక ఘడియ సేపు కనిపించి మాయమైందని విని పరవశించిపోయారు. లోపల నిలబడి చేతులూపుతున్న శశిభూషణరావుగారిని చూసి, పరిశోధన కోసం నిర్జీవ క్షేత్రంలోనే ఉండిపోయిన మహానుభావుడని పత్రికల వాళ్లతో చెప్పి, దండ గీత మీది నుంచి విసిరారు. మార్పిడికి లోపలికి రమ్మని శశిభూషణరావుగారు మండలి సభ్యులందరినీ అడిగారు. అందరికీ అదే వారంలో ముఖ్యమైన సమావేశాలున్నాయి. చివరికి మస్తాన్‌వలికి కూడా ఫోను చేశారు. వాడు ఎత్తలేదు. తన విడుదలకు ఆయన పెట్టుకున్న అర్జీ కూడా తిరిగొచ్చింది. నిర్జీవ క్షేత్రం నుంచి అర్జీలు స్వీకరించరాదని దాని మీద రాసి ఉంది. ఆ నిబంధన ఆయన పెట్టిందే.

ఇప్పుడాయన హంపమ్మ హోటల్లోనే ఉంటున్నారు. పొద్దున బోండాలు తింటారు. హంపమ్మ పిండి రుబ్బుకునేటప్పుడు, నాగవేణి స్నానానికి పోయినప్పుడు, పాత చీరతో కట్టిన ఉయ్యాల తాడు ఆయన చేతికిస్తారు. మొదట్లో వద్దనేవారు. బిడ్డ ఒకనాడు ఆయన వేలు పట్టుకుని వదలకపోయేసరికి ఇక అనడం మానేశారు.

నిన్న కూడా ఊపుతూ, వాకిలి వైపు చూస్తూ అడిగారు. "అమ్మా, నాకు మార్పిడిగా మీ అల్లుడుగారు లోపలికి ఎప్పుడొస్తారన్నారు?"

"బిడ్డకు అయిదో నెల పెట్టినాంక సారూ" అంది హంపమ్మ. "ఊపు, ఊపు. ఆపితే లేస్తాది."